పాకత్త పాక, బస్టాండు వెనక షెడ్డు, యానాం పంటు

మా ఊరి పాకత్త మొన్న మాఘమాసంలో పోయింది. పెద్దకార్యానికి రమ్మని కబురొస్తే అమలాపురం నుంచి వెళ్ళాను. ఆవిడతో నాకు చుట్టరికం ఏమీ లేదు. ఊళ్ళో సగం మందికి అత్త, మిగతా సగం మందికి పిన్ని. కాలవగట్టు మీద కల్లుపాక నడిపింది కాబట్టి పాకత్త. అసలు పేరు మాలో చాలామందికి దినం కార్డు మీద చూశాకే తెలిసింది.

ఫోటో ముందు ఆవిడకి ఇష్టమైనవన్నీ పెట్టారు. చుట్టలు, మెత్తళ్ళ వేపుడు, అరటికాయ బజ్జీలు, ఒక స్టీలు గ్లాసులో కల్లు. ఆ కల్లు మా ఊళ్ళోది కాదు. మనవడు మోటార్ సైకిల్ వేసుకుని లంక ఊళ్ళ దాకా తిరిగి తెచ్చాడట. మధ్యాహ్నానికి పులిసి గ్లాసు అంచున నురగ కట్టింది. ఆ వాసన తగిలేసరికి నాకు భోజనం మీద ధ్యాస పోయింది. నా పక్కన కూర్చున్న కుర్రాడు మాత్రం ముక్కు మూసుకుని "ఏంటండీ ఈ కంపు" అన్నాడు. వాడి ప్యాంటు జేబులో క్వార్టర్ సీసా ఎత్తుగా కనబడుతూనే ఉంది.

ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెడితే మా ఆవిడ "ఈ వయసులో తాగుడు గురించి రాస్తారా" అంది. తాగుడు గురించి కాదు, కూర్చునే చోటు గురించి అన్నాను. నమ్మలేదు.

* * *

పాక ఎక్కడుండేదో ముందు చెప్పాలి. ఊళ్ళో ఆఖరి ఇల్లు దాటాక, మొదటి చేను రాకముందు, పంటకాలవ గట్టు మీద తాడిచెట్ల వరస ఉండేది. వాటి కింద. ఊరి మధ్య పెడితే ఆడవాళ్ళు ఊరుకోరు, మరీ దూరం పెడితే మగవాళ్ళు చీకట్లో తిరిగి రాలేరు. తర్వాత నేను చూసిన సారాకొట్లు, బ్రాందీ షాపులు కూడా ఇలాంటి శివార్లలోనే ఉండేవి. కోనసీమలో ఏ ఊరికి వెళ్ళినా ఆ చోటు ఎవర్నీ అడక్కుండా పోల్చుకునేవాళ్ళం.

చూరు బాగా కిందికి ఉండేది. కరణంగారైనా కూలీ అయినా నడుం వంచి లోపలికి వెళ్ళాల్సిందే. నేల పేడతో అలికి ఉండేది. ఒక మూల ఇసకలో కుండలు సగం దాకా పాతిపెట్టేవారు. కూర్చోవడానికి తాటిదుంగని రెండుగా చీల్చి బల్లలా వేశారు. కూర్చుని కూర్చుని అది నున్నగా అయిపోయి, ఎండాకాలంలో కూడా చల్లగా తగిలేది.

నాకు అక్కడ పని, మా నాన్నని పిలుచుకు రావడం. "అన్నం చల్లారిపోతోంది, రమ్మను" అని అమ్మ పంపేది. నాన్న "వస్తున్నా, పద" అనేవాడు గాని లేచేవాడు కాదు. ఈలోపు పాకత్త నా దోసిట్లో ఉడకబెట్టిన శనగలు పోసేది. గుంజకి ఆనుకుని అవి తింటూ విన్న కబుర్లే నా లోకజ్ఞానం. ఎవరి ఆవు ఈనింది, ఎవరి చేను కౌలుకి పోయింది, ఏ అల్లుడు అలిగి వెళ్ళిపోయాడు, లాకుల దగ్గర నీళ్ళు ఎప్పుడు వదులుతారు. ధవళేశ్వరంలో గేట్లు ఎత్తిన సంగతి పేపరు కంటే ముందు పాకలో తెలిసేది. ఎందుకంటే కొబ్బరికాయలూ ఇసకా వేసుకొచ్చే పడవల వాళ్ళు ఆ గట్టునే పడవ కట్టేసి దాహం తీర్చుకునేవాళ్ళు.

చెట్టు ఎక్కేది పాకత్త భర్త. ఆయన్ని మావయ్యా అనేవాణ్ణి. తెల్లారకముందే చెక్క మీద పలుగురాయి పొడి చల్లి గీతకత్తి నూరేవాడు. ఆ గరగర మా ఇంటిదాకా వినిపించేది. అది వినిపిస్తే మా అమ్మ లేచి కల్లాపి చల్లేది, గడియారంతో పని లేకుండా. తర్వాత మోకు చెట్టుకి తగిలే టప్ టప్ చప్పుడు, పైనుంచి మట్టలు నరికి పడేసిన చప్పుడు. సంక్రాంతి వెళ్ళాక గీత మొదలుపెడితే ఎండలు ముదిరేదాకా పొద్దునా సాయంత్రం ఎక్కేవాడు. గెలని చెక్కలతో నొక్కి మెత్తబరచి, కొసని రోజూ పలచగా చెక్కి కుండ కట్టాలి. నాగా పెడితే కోసిన చోటు ఎండిపోయి చెట్టు కారడం మానేస్తుంది. అందుకని ఇంట్లో పెళ్ళయినా చావయినా ఆయన చెట్టెక్కాల్సిందే. సొంత కూతురి పెళ్ళికి పీటల మీద నుంచి లేచి వెళ్ళి, నాలుగు చెట్లు గీసి వచ్చి అప్పగింతలకి అందుకున్నాడని ఊళ్ళో చెప్పుకునేవారు.

కుండ లోపల సున్నం పూస్తే కల్లు పులవదు. ఆ తీపికల్లు పిల్లలకీ, ఆటలమ్మ పోసి తగ్గినవాళ్ళకీ పొద్దున్నే పట్టించేవారు. సున్నం లేని కుండలో అయితే చెట్టు మీద ఉండగానే పులుపు మొదలవుతుంది. పొద్దున దించింది తియ్యగా, పొగరు లేకుండా ఉండేది. మధ్యాహ్నం అయ్యేసరికి ముక్కుని తాకేది. సాయంత్రానికి తలకెక్కేది. మర్నాడు దాని మొహం ఎవరూ చూసేవారు కాదు. నిలవ పెట్టడానికి వీల్లేని సరుకు కాబట్టి ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళి దాచుకునేవారు కాదు. అక్కడే కూర్చుని, తాటాకు దొప్పలో పోయించుకుని, అక్కడే కానిచ్చి రావాలి. నా వాదనకంతటికీ మూలం ఇదే. కొంచెం ఆగితే చెబుతాను.

నంజుడు సంగతి చెప్పకపోతే పాకత్త ఆత్మ శాంతించదు. కుంపటి మీద ఎండురొయ్యలు కాల్చి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా నలిపి కలిపేది. మాఘ, ఫాల్గుణాల్లో పచ్చిమావిడికాయ చెక్కలు, ఉప్పూ కారం. ఎవరైనా కాలవలో కొర్రమేను పట్టి తెస్తే ఇగురు పెట్టిచ్చేది, తలకాయ మాత్రం తనకి. వానలు పడ్డాక నత్తలు. ఇప్పుడు హైవే మీద ఏసీ బార్లలో చిల్లీ చికెన్ అని ఎర్రరంగు పూసి ఇస్తున్నారు. నాకు పళ్ళు సరిగ్గా లేవని కాదు గాని, అది తినేటప్పుడు ఏ ఊళ్ళో ఉన్నామో తెలియదు.

ఆవిడకి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. మీసం రానివాడికి పొయ్యదు. రెండో ముంత దాటాక ఎంతటివాడికైనా ఆవిడే లెక్క. "ఇంక చాల్లే, లెగు" అందంటే లేవడమే. శనివారం కూలి డబ్బులు పట్టుకుని నేరుగా వచ్చేవాళ్ళ దగ్గర ముందు సగం లాక్కుని రేకు డబ్బాలో వేసేది. ఆదివారం పొద్దున వాళ్ళ ఆడవాళ్ళు వచ్చి ఎవరిది వాళ్ళు పట్టుకెళ్ళేవారు. మొగుడికి కోపం వచ్చినా ఏమీ అనడానికి లేదు, మళ్ళీ సాయంత్రం ఆ చూరు కిందికే రావాలి కదా.

ఇంత మురిపెంగా చెబుతున్నాను గాని, ఆ తాటిదుంగ అందరిదీ కాదు. దళితపేటవాళ్ళు బయట గట్టు మీద, చెట్టు మొదట్లో కూర్చునేవారు. దొప్పలు ఎలాగూ పారేసేవే కాబట్టి గిన్నెల గొడవ రాలేదు గాని, చూరు లోపలికి మాత్రం రానిచ్చేవారు కాదు. పాకత్తని ఒకసారి ఎవరో అడిగితే "నేను రానిస్తే మీ పెద్దలు రారు" అందట. అది నిజమే, అయినా తప్పే. నాట్లకీ కోతలకీ వెళ్ళొచ్చిన ఆడవాళ్ళకి పాక వెనక వేరే చోటు. వాళ్ళ నవ్వులు మాకు వినిపించేవి, మనుషులు కనిపించేవారు కాదు.

మా తాతయ్య కబుర్లలో పాకకి ఇంకో రూపం ఉంది. మద్రాసు ప్రభుత్వం నాటి మద్యనిషేధం ఆంధ్ర జిల్లాల్లో కూడా చాలాకాలం నడిచింది. 1954లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం పడిపోయింది ఆ నిషేధం గొడవలోనే. ఆ రోజుల్లో కుండలు కాలవలో ముంచి, తాడు గుర్రపుడెక్క కింద దాచేవారట. పోలీసులు వస్తే పాకలో అంతా భజన చేస్తున్నట్టు కూర్చునేవారట. భజనలో ఏం పాడేవారు తాతయ్యా అంటే "పోలీసులకి వినపడేదాకా రామనామం, తర్వాత అబ్కారీ వాడి మీద తిట్లు" అనేవాడు.

* * *

సారా మా ఊరికి ఎప్పుడూ ఉంది. అయితే ప్యాకెట్లు వచ్చాక దాని నడకే మారిపోయింది. ప్రభుత్వమే వారుణి వాహిని అని పేరు పెట్టి సారాని ప్యాకెట్లలో పోసి అమ్మించింది. ప్యాకెట్టు జేబులో పడుతుంది, లుంగీ మడతలో పడుతుంది. పంటితో కొరికి నిలబడే గొంతులో పోసుకుని, ఖాళీ కవరు గట్టు మీద పారేసి పోవచ్చు. కూర్చోనక్కర్లేదు, ఒకరితో మాట్లాడక్కర్లేదు. పాకత్త రేకు డబ్బా ఖాళీ అవడం మొదలైంది అప్పుడే. కూలి డబ్బులు ఇంటికి చేరడం మానేసిందీ అప్పుడే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాకొట్టు మూయించారన్న వార్త పేపర్లో వచ్చింది. కొన్నాళ్ళకి మా వైపు కూడా ఆడవాళ్ళు సారా వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డం కూర్చున్నారు. మా ఊరి సారాకొట్టు మీదికి చీపుళ్ళతో వెళ్ళినవాళ్ళలో పాకత్త ముందు వరసలో ఉంది. కల్లమ్ముకునే మనిషి సారా వద్దంటుందేమిటని కొట్టువాడు వెటకారం చేశాడు. "నేను పోసింది తాగి ఎవడైనా పుస్తెలు తెంపాడా, చెప్పు" అంది. వాడి దగ్గర జవాబు లేదు. ఆవిడ కోపంలో వ్యాపారం లేకపోలేదు. ఉన్నా కూడా ఆవిడ అడిగింది న్యాయమే. 1993 అక్టోబరు ఒకటి నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. ఆ ఆడవాళ్ళు చేసిన పనిని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళలో మా పెద్దక్క కూడా ఉంది. బావ ఆ ప్యాకెట్లతోనే పోయాడు.

* * *

చదువు అబ్బక నేను అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్లో గుమాస్తాగా చేరాను. ఇక నా సాయంత్రాలు కాలవగట్టు నుంచి బస్టాండు వెనకకి మారాయి.

ఎరువుల గోడౌనుకీ వెల్డింగ్ షాపుకీ మధ్య ఒక రేకుల షెడ్డు. ముందు బ్రాందీ షాపు, వెనక సిట్టింగ్. సిట్టింగ్ అంటే పెద్దగా ఏమీ లేదు. ఊగే బల్లలు, చిల్లులు పడ్డ రేకులు, పైన తిరుగుతున్నట్టు నటించే ఒక ఫ్యాను, మూలన సిమెంటు తొట్టె. వాన పడితే రేకుల మోతకి ఎవరి మాట వాళ్ళకే వినబడదు. ఆ కాసేపూ అందరూ బుద్ధిగా తాగేవారు. వాన వెలిశాక ఆగిన చోటి నుంచే గొడవ మళ్ళీ మొదలు.

గోళీసోడా కొట్టిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. బొటనవేలితో నొక్కితే కీచుమని ఒక అరుపు, తర్వాత గోళీ మెడలో టకటకలాడడం. సోడాలు అందించే కుర్రాడు చప్పుడుని బట్టే గ్యాసు సరిగ్గా పట్టిందో లేదో చెప్పేవాడు. కోడిగుడ్లాయన గుడ్డుని దారంతో రెండుగా కోసి, మిరియాల పొడి చల్లి, పాత పేపరు ముక్క మీద పెట్టిచ్చేవాడు. ఆ పేపరు ముక్కల మీద సగం సగం వార్తలు చదివి మిగతా సగం మేమే ఊహించుకునేవాళ్ళం. కౌంటర్లో కూర్చునే పెద్దాయన సొరుగు నిండా చేతి గడియారాలు. డబ్బు చాలనివాళ్ళు తాకట్టు పెట్టినవి. వాటిలో ఏదో ఒకటి ఎప్పుడూ టిక్కుటిక్కుమంటూనే ఉండేది.

ఆ షెడ్డులో కొబ్బరి బజారు రెండోసారి తెరిచినట్టుండేది. కురిడీల్లో, అంటే ఎండుకొబ్బరి కాయల్లో, గండేరా రకం ఎంత పలికింది, గటగట రకం ఎంత పలికింది, నీటికాయ వెయ్యి ఎంతకి పోయింది. పగలు కొట్లో పైసా తగ్గని మనిషి, రాత్రి ఆ బల్ల మీద లారీకి లారీ ఒప్పేసుకునేవాడు. మర్నాడు మాట తప్పినవాడికి ఆ బల్ల దగ్గర చోటుండేది కాదు. అంతకంటే పెద్ద శిక్ష అక్కర్లేదు. దింపు కార్మికులూ వలుపు కార్మికులూ కూడా అక్కడికే వచ్చేవారు. పక్కపక్కనే కూర్చునేవారు. ఊరి పాకలో లేని ఆ సమానత్వం ఈ షెడ్డులో కొంత కనిపించింది. బస్టాండు వెనక ఎవరు ఏ ఊరివాళ్ళో, ఏ పేటవాళ్ళో ఎవరికి తెలుస్తుంది? డబ్బు లేనివాడు మాత్రం గోడ పక్కన నిలబడే తాగి వెళ్ళిపోయేవాడు. 

రాజస్థాన్‌కీ, మహారాష్ట్రకీ కాయ తీసుకెళ్ళే లారీ డ్రైవర్లు వచ్చి దారి కబుర్లు చెప్పేవారు. మంచు ఎలా పడుతుందో, రొట్టెలు తినలేక ఎలా ఏడ్చారో. ఒకాయన ప్రతిసారీ చంబల్లో దొంగలు పట్టుకున్న కథే చెప్పేవాడు. ప్రతిసారీ దొంగల సంఖ్య పెరిగేది. మేమెవరం అడ్డు చెప్పలేదు.

నా పెళ్ళి సంబంధం కూడా ఆ షెడ్డులోనే కుదిరింది. రాజోలు వైపు నుంచి కురిడీ అమ్మడానికి వచ్చిన ఒక పెద్దమనిషి, నేను నైంటీతో లేచి డబ్బులు లెక్క పెట్టుకుని వెళ్ళిపోవడం కొన్నాళ్ళు గమనించి, "ఈ కుర్రాడికి అదుపు ఉంది" అని తన మేనకోడలి మాట ఎత్తాడు. నిజానికి నా దగ్గర ఇంకో నైంటీకి డబ్బులుండేవి కాదు. ఇంట్లో మాత్రం ఈ సంబంధం అంతర్వేది తీర్థంలో కుదిరిందనే చెప్పుకున్నాం. మా ఆవిడకి ఇది చదివితేగాని తెలియదు.

* * *

1994 డిసెంబరులో రామారావుగారు ప్రమాణస్వీకారం చేస్తూనే మద్యనిషేధం మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అమల్లోకి వచ్చింది. సంక్రాంతి పందేలు ముగిసీ ముగియగానే అన్నమాట. బస్టాండు వెనక షెడ్డులో ఆ ఆఖరి రోజుల రద్దీ తీర్థాన్ని మించింది. తర్వాత అందులో సిమెంటు బస్తాలు వేశారు.

మాకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది. గోదావరి పాయకి అటువైపు యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ళది, తర్వాత పాండిచ్చేరి కింద. మన ప్రభుత్వాల నిషేధాలు ఎదుర్లంక రేవు దగ్గర ఆగిపోయేవి. అప్పటికి బాలయోగి వారధి లేదు, అది 2002లో గాని రాలేదు. పంటు ఎక్కాలి, అంటే ఏరు దాటించే ఇంజను పడవ. సాయంత్రం అమలాపురం నుంచి ముమ్మిడివరం, మురమళ్ళ మీదుగా ఎదుర్లంక వెళ్ళే బస్సులు క్రిక్కిరిసి ఉండేవి. ఎవర్ని అడిగినా యానాంలో చుట్టాలున్నారనే. అంత చిన్న ఊళ్ళో కోనసీమ మొత్తానికి చుట్టాలు ఎలా కుదిరారో!

వెళ్ళేటప్పుడు పంటు మీద అందరూ పెద్దమనుషులే. గోదావరి గాలి, పడమట ఎర్రటి ఆకాశం, ఇంజను దడదడ. వచ్చేటప్పుడు వాళ్ళే పాటలు. ఒక తహసీల్దారు ఆఫీసు గుమాస్తా పంటు రెయిలింగు పట్టుకుని కర్ణుడి పద్యాలు ఎత్తేవాడు. ఇటు ఒడ్డున దిగేసరికి ఎక్సైజు వాళ్ళు సంచులు తడిమేవారు. పాలక్యాన్లలో, కొబ్బరి పీచు మోపుల్లో, సైకిలు సీటు కింద, ఎక్కడెక్కడో సీసాలు. కడుపులో ఉన్నదాన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు కాబట్టి తెలివైనవాళ్ళు అక్కడే ముగించి వచ్చేవారు. ఆ మనుషుల్ని వంతులేసుకుని బస్సు ఎక్కించే పని మాలో ఎవరో ఒకరిది. ఒక రాత్రి ఆఖరి పంటు తప్పిపోయి, రేవులోనే తెల్లవార్లూ కూర్చున్నాం. దోమలు మమ్మల్ని తాగాయి.

ఆ రెండేళ్ళలో లంకల్లో నాటుసారా పొంగిపొర్లింది. బెల్లం ఊట కుండలు ఇసకలో పాతి, రాత్రిళ్ళు కాచి, లారీ ట్యూబుల్లో నింపి ఏరు దాటించేవారు. నిషేధం ఆడవాళ్ళ కోసం వచ్చింది గాని, యానాం వెళ్ళగలిగే డబ్బున్నవాడికి యానాం, లేనివాడికి లంకసారా అయింది. 1997లో నిషేధం సడలించినప్పుడు మా అక్క రెండు రోజులు అన్నం తినలేదు. నేను మళ్ళీ షెడ్డుకి వెళ్ళాను. ఇద్దరివీ ఒకే ఇంటి బుద్ధులు కావు.

ఆ మధ్యలోనే 1996 నవంబరు తుఫాను. ఒక్క రాత్రికి కొబ్బరితోటలు నేలమట్టం. మా కొట్టు యజమాని తెల్లారి తోటలోకి వెళ్ళి మాట పడిపోయినట్టు నిలబడిపోయాడు. కొబ్బరి పడింది గాని, గట్టు మీది తాడిచెట్లు చాలావరకు నిలబడ్డాయి. పాక ఎగిరిపోతే పాకత్త వారంలో మళ్ళీ నాలుగు గుంజలు పాతి తాటాకు కప్పించింది. ఊళ్ళో ముందు లేచిన కప్పు అదే. ఇళ్ళు పోయినవాళ్ళు దాని కిందే గంజి కాచుకున్నారు.

తుఫాను పడగొట్టలేని ఆ చెట్లని తర్వాత రొయ్యల చెరువులూ ఇటిక బట్టీలూ మింగేశాయి. చేలు చెరువులయ్యాయి, గట్లు వెడల్పు చేశారు, తాడి మొద్దులు బట్టీలకి పోయాయి. మావయ్య అప్పటికే చెట్టు మీద నుంచి పడి నడుం విరిగి మంచాన ఉన్నాడు. కొడుకులు మేం చెట్టెక్కం అన్నారు. పాకత్త అమ్మకానికి సరుకు లేక కూడా చాలాకాలం పాక విప్పలేదు. వెళ్ళినవాళ్ళకి టీ పెట్టిచ్చేది.

* * *

ఇప్పుడు నా వాదన. తాగేవాడికి అడ్డుకట్ట సీసా మీది హెచ్చరిక కాదు, ఎదురుగా కూర్చున్న మనిషి. పాకలో పాకత్త ఉండేది. షెడ్డులో కౌంటరు పెద్దాయన ఉండేవాడు, నాలుగు తెలిసిన మొహాలు ఉండేవి. కూర్చునే చోటు తీసేస్తే తాగుడు తగ్గుతుందని ప్రభుత్వాలకి ఎవరు చెబుతారో తెలియదు. తగ్గేది సిగ్గు.

2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చి హైవేలకి అయిదు వందల మీటర్లలోపు షాపులు ఉండకూడదన్నారు. డ్రైవర్లు తాగి నడుపుతున్నారని. ఉద్దేశం మంచిదే. మా దగ్గర జరిగింది ఏమిటంటే, రోడ్డు వార ఉన్న షాపు కదిలి ఇళ్ళ మధ్యకి, బడికి వెళ్ళే సందు మొదట్లోకి వచ్చింది. తరతరాలుగా శివారులో ఉన్నది ఊరి నడుమకి చేరింది.

2019 అక్టోబరు నుంచి షాపులు ప్రభుత్వమే నడిపింది, షాపు పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూములు ఎత్తేసింది. ఇనపచువ్వల కిటికీలోంచి ఒక చెయ్యి సీసా ఇచ్చేది, ఇంకో చెయ్యి నోటు తీసుకునేది. ఎప్పుడూ వినని పేర్లు, రెట్టింపు ధరలు. తాగేది ఎక్కడ? చెరువు గట్టు మీద, సగం కట్టిన ఇళ్ళలో, శ్మశానం అరుగు మీద, కాలవలో కాళ్ళు పెట్టుకుని ప్లాస్టిక్ గ్లాసుతో. 2020 మే నెలలో లాక్‌డౌన్ మధ్యలో షాపులు తెరిచిన రోజు ఎండలో ముగ్గుపిండి వృత్తాల్లో నిలబడిన వరస చూశాను. తల వంచుకుని ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. అందులో నాతో షెడ్డులో కూర్చున్నవాళ్ళు ఉన్నారు. పలకరించలేదు, వాళ్ళకి ఇష్టం ఉండదని.

2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు షాపులు వచ్చాయి, తొంభై తొమ్మిది రూపాయల క్వార్టర్ వచ్చింది. రేటు తగ్గిందని సంబరపడ్డారు. నాకేం సంబరం లేదు. డాక్టరు మానెయ్యమన్నాడు, మానేశాను. కానీ సాయంత్రం ఆరు దాటితే ఎక్కడికి వెళ్ళాలో ఇప్పటికీ తోచదు. గుళ్ళో ప్రవచనాలున్నాయి, అక్కడ ఒకరే మాట్లాడతారు. టీకొట్లో కుర్రాళ్ళు ఫోన్లు చూసుకుంటారు. హైవే మీది ఫ్యామిలీ రెస్టారెంటులో చీకటి, పెద్ద టీవీ, పక్క బల్లవాడి మొహం కనబడనంత ఎత్తు సోఫాలు. అందులో లారీకి లారీ బేరం కుదుర్చుకోవడం ఎలా?

పాకత్త మనవడు ఆ 2024 మద్యం పాలసీలో షాపు కోసం లాటరీ వేశాడు. నలుగురు స్నేహితులు కలిసి దరఖాస్తు రుసుము రెండు లక్షలు కట్టారు. లాటరీ తగల్లేదు, డబ్బు తిరిగి రాదు. దినం రోజు భోజనాలయ్యాక నన్ను పక్కకి పిలిచి, "మావయ్యా, గీత నేర్పే వాళ్ళు ఎవరైనా మిగిలారా" అని అడిగాడు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి పరిశోధన కేంద్రంలో తాటి మీద, నీరా అనే పులవని తీపికల్లు మీద పని చేస్తారని విన్నాను, అక్కడ అడిగి చూడమన్నాను. వాడు కల్లు తెచ్చిన లంక ఊరి ముసలాయన కూడా నేర్పుతానన్నాడట, తెల్లారుజామున నాలుగింటికి వస్తేనే అన్నాడట. వీడు పోయిన వారం నుంచి వెళ్తున్నాడని విన్నాను. వాడి పెళ్ళాం మాత్రం చెట్టు సగం దాటి ఎక్కితే పుట్టింటికి పోతానని కూర్చుందట. అందుకని ప్రస్తుతానికి సగం దాకా ఎక్కి దిగుతున్నాడు.